భూగర్భ న్యూట్రినో శోధక కేంద్రాలలో నీరు చొరని కాంతి గ్రాహకాల రూపకల్పన

నేపథ్య వ్యాసం – శాస్త్ర, సాంకేతిక విభాగం

జపాన్‌లోని గిఫు రాష్ట్రం, కమియోకా గనిలో భూమికి 1,000 మీటర్ల లోతున నెలకొల్పిన సూపర్ కమియోకాండే శోధక కేంద్రంలో 2001 నవంబర్ 12న ఒక ప్రమాదం సంభవించింది. మరమ్మతుల అనంతరం తొట్టెను తిరిగి నీటితో నింపుతున్న సమయంలో అడుగు భాగాన ఉన్న ఒక కాంతి గ్రాహకం పగిలింది. కొద్ది సెకన్లలోనే 6,600కు పైగా గ్రాహకాలు వరుసగా ధ్వంసమయ్యాయి. ఒక్కొక్కటి సుమారు 3,000 డాలర్ల విలువ చేసే పరికరాలవి. ప్రతి గ్రాహకాన్నీ నీటి ఒత్తిడికి తట్టుకునేలా తయారుచేసినప్పటికీ, ఒకటి విఫలమైతే పక్కదాని పరిస్థితి ఏమిటన్న అంశం నాటి రూపకల్పనలో చోటు చేసుకోలేదు. ఆ తరువాత ప్రపంచంలో నిర్మించిన పెద్ద నీటి శోధక కేంద్రాలన్నింటికీ ఈ సంఘటన పాఠంగా నిలిచింది.

నీటి అడుగున దశాబ్దాల తరబడి పనిచేయవలసిన ఈ గ్రాహకాలను ఏ విధంగా రూపొందిస్తారు, నీరు ఏ మార్గాలలో చొరబడుతుంది, ప్రమాదం అనంతరం ఏ మార్పులు వచ్చాయి అన్న విషయాలను పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

న్యూట్రినోలు – భూగర్భం ఎందుకు?

న్యూట్రినోలు విద్యుదావేశం లేని, అత్యల్ప ద్రవ్యరాశి గల కణాలు. సూర్యుని నుండి వెలువడే న్యూట్రినోలు భూమిపై ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్ల చొప్పున దూసుకుపోతున్నాయి. పదార్థంతో ఇవి ఏదో అరుదుగా మాత్రమే చర్య జరుపుతాయి. అందువల్ల వీటిని పట్టుకోవడానికి వేల టన్నుల పదార్థం అవసరమవుతుంది. అయినప్పటికీ రోజుకు లభించే సౌర, వాతావరణ న్యూట్రినోల ఆనవాళ్లు పదుల సంఖ్యకు మించవు.

భూతలంపై విశ్వకిరణాల తాకిడి అధికం. ఈ అరుదైన ఆనవాళ్లు ఆ తాకిడిలో కలిసిపోతాయి. కమియోకా కొండ అడుగున విశ్వకిరణ మ్యూయాన్ల సంఖ్య భూతలంతో పోలిస్తే సుమారు లక్షవ వంతుకు తగ్గుతుంది. శోధక కేంద్రాలను గనులలో, కొండల అడుగున నిర్మించడానికి ఇదే ప్రధాన కారణం.

నీటిలో నీలి కాంతి

నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు. న్యూట్రినో ఒక పరమాణువును ఢీకొన్నప్పుడు వెలువడే ఆవేశ కణం ఇంతకంటే వేగంగా ప్రయాణించగలదు. అప్పుడు దాని మార్గం వెంట నీలి కాంతి శంకువు ఆకారంలో ప్రసరిస్తుంది. దీనిని చెరెన్‌కోవ్ కాంతి అంటారు. నీటిలో ఈ శంకువు కోణం సుమారు 42 డిగ్రీలు. తొట్టె గోడపై అది వలయాకారంగా పడుతుంది. వలయం ఆకారాన్ని, కాంతి చేరిన సమయాన్ని బట్టి కణం రకం, దిశ, శక్తి తెలుస్తాయి.

ఈ కాంతి కంటికి ఆనేంతటిది కాదు. ఒక్కొక్క గ్రాహకానికి తరచు ఒకే ఒక ఫోటాన్ అందుతుంది. కనుక గ్రాహకాలు పెద్దవిగా, దగ్గర దగ్గరగా, అత్యంత సున్నితంగా ఉండాలి. సూపర్ కమియోకాండే లోపలి భాగంలో 50 సెంటీమీటర్ల వ్యాసం గల 11,146 గ్రాహకాలను 70 సెంటీమీటర్ల ఎడంతో అమర్చారు. లోపలి గోడ వైశాల్యంలో 40 శాతం వీటితోనే నిండింది. సున్నితత్వం కోసం ఇంత దగ్గరగా అమర్చడమే తరువాత ప్రమాదం వ్యాపించడానికి కూడా కారణమైంది.

గ్రాహకం పనిచేసే విధానం

ఇక్కడ వాడే కాంతి గ్రాహకాన్ని ఫోటోమల్టిప్లయర్ గొట్టం అంటారు. ఇది లోపల శూన్యం గల పెద్ద గాజు బుడ్డి. దీని ముందుభాగం లోపలి వైపున ఆంటిమొని, పొటాషియం, సీజియం లోహాల పలుచని పూత ఉంటుంది. ఫోటాన్ తాకినప్పుడు ఈ పూత నుండి ఒక ఎలక్ట్రాన్ వెలువడుతుంది. దాదాపు 2,000 వోల్టుల విద్యుత్ పీడనంతో ఆ ఎలక్ట్రాన్‌ను డైనోడ్లు అనే లోహపు పలకల వరుసపైకి ఆకర్షిస్తారు. ఒక్కొక్క పలక వద్ద ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతూ, చివరకు ఒకటి కోటిగా మారి కొలవదగిన విద్యుత్ సంకేతంగా వెలువడుతుంది.

ఇంత పెద్ద గొట్టాలను జపాన్‌కు చెందిన హమమట్సు ఫోటోనిక్స్ సంస్థ మొదట కమియోకాండే కోసం తయారుచేసింది. 1983లో ప్రారంభమైన ఆ కేంద్రంలో 3,000 టన్నుల నీరు, సుమారు 1,000 గ్రాహకాలు ఉండేవి. 1987 ఫిబ్రవరి 23న, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం నుండి వచ్చిన 11 న్యూట్రినోలను దాదాపు 13 సెకన్ల వ్యవధిలో ఆ కేంద్రం నమోదు చేసింది. ఈ కృషికి గాను మసతోషి కోషిబా 2002లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

గాజుపై నీటి భారం

సూపర్ కమియోకాండే తొట్టె ఎత్తు 41.4 మీటర్లు, వ్యాసం 39.3 మీటర్లు. దీనిలో 50,000 టన్నుల అతి శుద్ధ జలం ఉంటుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 40 మీటర్ల లోతున నీటి ఒత్తిడి 4 రెట్లు, దానికి గాలి ఒత్తిడి కలిపితే 5 రెట్లు అవుతుంది. గొట్టం లోపల శూన్యం ఉన్నందున దీనిని ఎదుర్కొనే ఒత్తిడి లోపలి నుండి ఏమీ ఉండదు. 50 సెంటీమీటర్ల ముఖభాగంపై పడే మొత్తం భారం లెక్కిస్తే దాదాపు 10 టన్నులు. కొద్ది మిల్లీమీటర్ల మందం గల గాజు ఈ భారాన్ని రాత్రింబవళ్లు, సంవత్సరాల తరబడి మోయవలసి ఉంటుంది.

గోపురం వంటి వంపు గల గాజు ఒత్తిడిని అన్ని వైపులకు సమానంగా పంచుతుంది. అయితే ముఖభాగం నుండి సన్నని మెడగా మారే చోట ఈ సమతుల్యం దెబ్బతింటుంది. సూక్ష్మమైన గీతలు, గాజులో చిక్కిన గాలి బుడగలు, అమర్చే సమయంలో తగిలిన దెబ్బలు కూడా బలహీన స్థానాలవుతాయి. కనుక ప్రతి గొట్టాన్నీ కంటితో పరిశీలించడం, అధిక ఒత్తిడి గల నీటి పాత్రలో ఉంచి పరీక్షించడం తప్పనిసరి. గాజును మరీ మందంగా చేయడమూ మేలు కాదు. బరువు, కాంతి నష్టం పెరగడమే కాక, గాజులోని సహజ రేడియోధార్మిక పదార్థాలు కూడా పెరిగి దొంగ సంకేతాలను ఇస్తాయి.

నీరు చొరబడే మార్గాలు

గాజు గుండా నీరు రాదు. గాజు, లోహం, ప్లాస్టిక్ కలిసే చోటనే అది ప్రవేశిస్తుంది. గొట్టం మెడ చివర లోహపు పిన్నులు, వాటికి అధిక వోల్టేజిని పంచే విద్యుత్ వలయం, అక్కడి నుండి బయలుదేరే కేబుల్ ఉంటాయి. ఆ భాగంలోకి తేమ చేరితే విద్యుత్ లీకై ఆ గ్రాహకం మూగబోతుంది. తొట్టె మూసిన తరువాత దానిని బయటకు తీసి బాగుచేసే అవకాశం దాదాపు ఉండదు.

అందువల్ల ఈ భాగానికి ఒకదానిపై ఒకటిగా పలు రక్షణలు కల్పిస్తారు.

1. విద్యుత్ వలయం చుట్టూ ఖాళీ లేకుండా పాలియురిథేన్, ఎపాక్సీ, సిలికోన్ వంటి పదార్థాన్ని పోత పోస్తారు. గాలి బుడగలు మిగలకుండా చూడడం ఇందులో ముఖ్యం.

2. ఈ పోతపై వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగును, గట్టి మూతను బిగిస్తారు. వేడికి, చలికి గాజు, లోహం, ప్లాస్టిక్ ఒకే రీతిగా వ్యాకోచించవు కనుక, సాగే గుణం గల పొర మధ్యలో ఉండవలసిందే.

3. కేబుల్ పై తొడుగు ఎక్కడైనా చిట్లితే లోపలి రాగి తీగల మధ్య గల సందుల వెంట నీరు పాకి గ్రాహకం వరకు చేరుతుంది. కనుక కేబుల్ లోపలి మార్గాన్ని కూడా మూసివేయాలి.

4. నీటి అడుగున అతుకులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. సూపర్ కమియోకాండేలో ఒక్కొక్క గ్రాహకం నుండి 70 మీటర్ల కేబుల్‌ను తొట్టె పైకి తెచ్చి, పొడి ప్రదేశంలోని ఎలక్ట్రానిక్ పరికరాలకు కలిపారు.

నీరు లోపలికి వెళ్లకుండా చూడడంతో బాధ్యత తీరదు. గ్రాహకంలోని పదార్థాలు నీటిలోకి కరగకుండా కూడా చూడాలి. అతి శుద్ధ జలానికి కరిగించుకునే శక్తి అధికం. జిగురు, రబ్బరు, లోహాల నుండి మలినాలు వెలువడితే నీటి పారదర్శకత తగ్గుతుంది. రాడాన్ వాయువును విడుదల చేసే పదార్థమైతే సౌర న్యూట్రినోల పరిశీలనకే ఆటంకం. కనుక ప్రతి పదార్థాన్నీ శుద్ధ జలంలో దీర్ఘకాలం నానబెట్టి పరీక్షించిన తరువాతనే ఎంపిక చేస్తారు.

కెనడాలోని సడ్‌బరీ న్యూట్రినో కేంద్రం అనుభవం ఈ సందర్భంగా గమనార్హం. రెండు కిలోమీటర్ల లోతున, 1,000 టన్నుల భారజలం చుట్టూ సుమారు 9,500 గ్రాహకాలతో 1999 నుండి 2006 వరకు అది పనిచేసింది. రాడాన్‌ను తొలగించేందుకు గ్రాహకాల చుట్టూ ఉన్న నీటి నుండి వాయువులన్నింటినీ తీసివేశారు. ఫలితంగా నీటి అడుగున ఉన్న కనెక్టర్లలోని గాలి కూడా క్రమంగా బయటకు పోయి, వాటిలో పీడనం తగ్గి, అధిక వోల్టేజి వద్ద విద్యుత్ మెరుపులు రాసాగాయి. నీటిలో శుద్ధమైన నత్రజనిని తిరిగి కలపడంతో సమస్య పరిష్కారమైంది. కనెక్టరులోకి నీరు రాకపోయినా, నీటి స్వభావం మారడంతోనే అది విఫలం కావచ్చునని దీని వల్ల తెలిసింది.

2001 ప్రమాదం – కారణం, క్రమం

సూపర్ కమియోకాండే 1996 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. న్యూట్రినోలు ఒక రకం నుండి మరొక రకానికి మారుతాయన్న నిదర్శనాన్ని 1998లో తకయామాలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో వెల్లడించింది. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని దీనితో రుజువైంది. తకాకి కజిత ఇందుకు గాను 2015లో సడ్‌బరీ కేంద్రానికి చెందిన ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌తో కలిసి నోబెల్ బహుమతిని అందుకున్నారు.

2001లో తొట్టెను ఖాళీ చేసి, పాడైన గ్రాహకాలను మార్చారు. తిరిగి నీరు నింపుతుండగా అడుగున ఉన్న గొట్టం ఒకటి ఒత్తిడికి లోపలికి కుప్పకూలింది. శూన్యంలోకి నలువైపుల నుండి నీరు ఒక్కసారిగా దూసుకువచ్చి మధ్యలో ఢీకొనగానే తీవ్రమైన ఆఘాత తరంగం పుట్టింది. 70 సెంటీమీటర్ల దూరంలోని పక్క గొట్టాలు ఆ తాకిడికి పగిలాయి. వాటి నుండి మరిన్ని తరంగాలు పుట్టి, నీటిలో మునిగి ఉన్న గ్రాహకాలలో అత్యధిక భాగం నాశనమయ్యే వరకు ఈ గొలుసు ఆగలేదు. నీటి మట్టానికి పైన ఉన్న గ్రాహకాలు సురక్షితంగా మిగిలాయి.

కేంద్రాన్ని పునర్నిర్మిస్తామని కమియోకా పరిశోధనశాల సంచాలకులు యోజి తొత్సుక ప్రమాదం జరిగిన మరునాడే ప్రకటించారు. మిగిలిన గ్రాహకాలను, అందుబాటులో ఉన్న విడి గ్రాహకాలను తొట్టె అంతటా ఎడంగా సర్ది, సుమారు 5,200 గ్రాహకాలతో 2002 చివరి నాటికే పరిశీలనలను పునఃప్రారంభించారు. 2006లో పూర్తి సంఖ్యను పునరుద్ధరించారు.

రక్షణ కవచం

పునర్నిర్మాణంలో లోపలి భాగంలోని ప్రతి గ్రాహకానికీ ఒక కవచాన్ని తొడిగారు. ముందు భాగాన పారదర్శకమైన అక్రిలిక్ గోపురం, వెనుక భాగాన గాజునార కలిపిన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. కవచం నీరు చొరనిది కాదు. దానిలో చిన్న రంధ్రాలు ఉంచారు. సాధారణ సమయంలో వాటి గుండా నీరు లోపలికి చేరి, కవచానికి ఇరువైపులా ఒత్తిడి సమానంగా ఉంటుంది. లోపలి గొట్టం పగిలినప్పుడు మాత్రం బయటి నీరు ఆ చిన్న రంధ్రాల గుండా నెమ్మదిగా రావలసిందే. నీరు ఒక్కసారిగా దూసుకురాదు కనుక పొరుగు గొట్టాన్ని పగలగొట్టేంత తరంగం బయటకు రాదు.

గొట్టం పగలడాన్ని పూర్తిగా నివారించలేమని అంగీకరించి, పగిలినా నష్టం ఆ ఒక్కదానితో ఆగేలా చూడడం ఈ ఏర్పాటులోని కీలకాంశం. దీనికి చెల్లించిన మూల్యం స్వల్పమే. నిటారుగా పడే కాంతిలో 350 నానోమీటర్లకు పైబడిన తరంగదైర్ఘ్యాల వద్ద 96 శాతానికి పైగా అక్రిలిక్ గుండా ప్రసరిస్తుంది.

తరువాతి తరం కేంద్రాలు

కమియోకా ప్రాంతంలోనే నిర్మాణంలో ఉన్న హైపర్ కమియోకాండే తొట్టె వ్యాసం 68 మీటర్లు, ఎత్తు 71 మీటర్లు. దాని గుహ తవ్వకం 2025లో పూర్తయింది. 2028లో పరిశీలనలు ప్రారంభించాలన్నది లక్ష్యం. 71 మీటర్ల లోతున ఒక్కొక్క గొట్టంపై భారం సుమారు 16 టన్నులకు చేరుతుంది. ఇందుకోసం రూపొందించిన కొత్త గొట్టాలు ఎక్కువ ఒత్తిడిని తట్టుకోవడమే కాక, ఒక్క ఫోటాన్‌ను గుర్తించడంలో పాతవాటి కంటే దాదాపు రెండు రెట్లు సమర్థమైనవి. సుమారు 20,000 గొట్టాలను అమర్చనున్నారు. కొత్త కవచాలను హొక్కైడో దీవిలోని మూతపడిన గని నిలువు బావిలో, నీటి అడుగున గొట్టాన్ని కావాలని పగలగొట్టి పరీక్షించారు. తొట్టె ఎత్తు పెరిగి కేబుళ్లు మరీ పొడవు కానున్నందున ఎలక్ట్రానిక్ పరికరాలను కూడా నీరు చొరని పాత్రలలో ఉంచి నీటి అడుగునే అమర్చుతారు. దీనితో నీరు చొరకుండా కాపాడవలసిన అతుకుల సంఖ్య పెరుగుతుంది.

చైనాలోని గువాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సుమారు 700 మీటర్ల లోతున నిర్మించిన జునో కేంద్రం 2025 ఆగస్టు 26న పరిశీలనలు ప్రారంభించింది. 20,000 టన్నుల ద్రవ సింటిలేటరును 35.4 మీటర్ల వ్యాసం గల అక్రిలిక్ గోళంలో నింపి, దానిని 44 మీటర్ల లోతైన నీటి కొలనులో ఉంచారు. నీటిలో 50 సెంటీమీటర్ల గొట్టాలు 17,612, చిన్న గొట్టాలు 25,600 ఉన్నాయి. పెద్ద గొట్టాలకు ముందు అక్రిలిక్, వెనుక స్టెయిన్‌లెస్ స్టీలు కవచాలను అమర్చారు. నీటి రక్షణ గల పెద్ద గొట్టాల వైఫల్యం మొదటి 6 సంవత్సరాలలో 0.5 శాతానికి మించరాదని రూపకల్పన దశలోనే నిర్దేశించుకున్నారు.

దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ కేంద్రం వేరొక మార్గాన్ని అనుసరించింది. గొట్టం గాజుపై ఒత్తిడి పడకుండా, దానిని ఎలక్ట్రానిక్ పరికరాలతో సహా 33 సెంటీమీటర్ల వ్యాసం గల మందపాటి గాజు గోళంలో భద్రపరిచారు. కేబుల్ ఒకే ఒక రంధ్రం గుండా ప్రవేశిస్తుంది. 1,450 నుండి 2,450 మీటర్ల లోతున మంచులో అమర్చిన 5,160 గ్రాహకాలు 2010 డిసెంబర్ నాటికి పూర్తయ్యాయి. ఐస్‌క్యూబ్‌లో గ్రాహకాల మధ్య దూరం మీటర్లలో ఉన్నందున, ఒకదాని వైఫల్యం మరొకదానికి పాకే ప్రమాదం లేదు.

భారతదేశంలో పరిశోధనలు

భూగర్భ న్యూట్రినో పరిశోధనలో భారతదేశానికి తొలినాటి స్థానం ఉంది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలోని కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, బ్రిటన్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 1965లో వాతావరణ న్యూట్రినోల ఆనవాళ్లను నమోదు చేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

తమిళనాడులోని తేని జిల్లాలో భారత న్యూట్రినో పరిశోధన కేంద్రం ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో ఆమోదం తెలిపింది. స్థానిక వ్యతిరేకత, అనుమతుల వివాదాల నడుమ అది నిర్మాణ దశకు చేరలేదు. దానిలో ప్రతిపాదించినది 50,000 టన్నుల అయస్కాంతీకరించిన ఇనుము. కణాలను వాయువు నింపిన పలకలతో గుర్తిస్తారు కనుక నీటి తొట్టె, ఈ వ్యాసంలో వివరించిన గ్రాహకాలు అందులో ఉండవు. వార్తా కథనాలలో ఈ రెండు విధానాలను వేరువేరుగా పేర్కొనడం అవసరం.

పరిశీలనకు ముఖ్యాంశాలు

నీటి అడుగున గాజు గ్రాహకాలతో కూడిన ఏ ప్రతిపాదన ముందుకు వచ్చినా ఈ క్రింది అంశాలకు సమాధానం ఉన్నదీ లేనిదీ చూడవలసి ఉంటుంది.

– గరిష్ఠ లోతుకు మించిన ఒత్తిడి వద్ద ప్రతి గొట్టాన్నీ పరీక్షించారా, నమూనాలను మాత్రమే పరీక్షించారా?

– ఒక గొట్టం పగిలితే పొరుగు గొట్టాలకు నష్టం కలగదని అసలైన లోతులో, నీటిలోనే ప్రయోగపూర్వకంగా నిర్ధారించారా?

– పోత పదార్థాలు, కేబుళ్లు, కనెక్టర్లు వాస్తవంగా వాడబోయే నీటిలో, వాయువులు తొలగించిన స్థితిలో కూడా పరీక్షకు నిలిచాయా?

– ఏటా ఎన్ని గ్రాహకాలు విఫలమైనా కేంద్రం పనిచేయగలదో ముందుగా నిర్దేశించారా?

– తొట్టెలోకి దిగి పనిచేసే సిబ్బంది గ్రాహకాలపై భారం మోపకుండా తగిన విధివిధానాలు ఉన్నాయా?

పదాల వివరణ

ఫోటోమల్టిప్లయర్ గొట్టం: ఒక్క ఫోటాన్‌ను కూడా విద్యుత్ సంకేతంగా మార్చగల, లోపల శూన్యం గల గాజు పరికరం.

చెరెన్‌కోవ్ కాంతి: నీటి వంటి పదార్థంలో కాంతి కంటే వేగంగా సాగే ఆవేశ కణం వెలువరించే నీలి కాంతి.

ఆఘాత తరంగం: ఒత్తిడి హఠాత్తుగా మారడం వల్ల నీటిలో వ్యాపించే తీవ్రమైన తరంగం.

పోత రక్షణ: విద్యుత్ భాగాల చుట్టూ ద్రవరూప పదార్థాన్ని నింపి, గట్టిపరచి, నీరు చేరకుండా చేసే విధానం.